పేరొక్కటే, వ్రాతలు నాలుగు

అంతర్జాలంలో సరకు అమ్మదలచినవారు ముందుగా తామెవరో ఋజువు చేసుకోవాలన్న నియమం మీకందరికీ తెలిసినదే. తెలుగు పండితునికి వర్తకంతో పనేమిటని మీరు నవ్వవచ్చు. కానీ ఆ కాగితాలను ముందు వేసుకొని చూస్తే, చిక్కు వర్తకంలో లేదు, వర్ణక్రమంలో ఉన్నదని తేలింది. అందుకే ఈ టపా.

నియమాన్ని నేను తప్పు పట్టను. గుంటూరు మిరప యార్డులో కాయను చేతబట్టి, విరిచి చూసి ధర కడతారు. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా ఉంటారు. తెర మీద కారం ఎర్రగా కనబడుతుంది గాని, ఆ ఎరుపు కాయదో రంగుదో కనబడదు. కల్తీ తిని జబ్బుపడితే నిలదీయడానికి ఒక పేరు, ఒక చిరునామా ఉండాలి కదా! మన దేశంలో 2020 నాటి ఇ-కామర్స్ నియమాలు అమ్మకందారు వివరాలు కొనుగోలుదారుకు తెలియాలంటున్నాయి. పెద్దయెత్తున అమ్మేవారి గుర్తింపును సరిచూడాలన్న చట్టం అమెరికాలోనూ 2023 జూన్ నుండి అమలులో ఉంది. మంచిదే.

ఇక చీరాల ప్రాంతంలో నా పూర్వ విద్యార్థిని ఒకామె సంగతి వినండి. డ్వాక్రా అప్పుతో మిరపకాయలు కొని, కారం కొట్టించి, అంతర్జాలంలో అమ్మాలనుకున్నది. ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉంది. పెళ్ళికి ముందు తీసుకున్న పాన్‌లో పుట్టింటి పేరు. బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరం మాత్రమే. కరెంటు బిల్లు కాలం చేసిన మామగారి పేరు మీద. దరఖాస్తు మూడుసార్లు తిరిగివచ్చింది. ప్రతిసారీ ఒకటే మాట: పేరు సరిపోలలేదు. "మాస్టారూ, నేనే నేనని ఎన్నిసార్లు చెప్పాలండీ?" అని అడిగింది. ఈలోగా జనం ఏడాదికి సరిపడా కారం కొట్టించుకొనే వేసవి దాటిపోయింది. వడ్డీ మాత్రం ఆగలేదు.

ఇందులో ఆమె చేసిన మోసమేమిటి? లక్ష్మి అన్న పేరును తెలుగులో ఒక్క విధంగానే వ్రాస్తాము. ఆంగ్లంలోకి వెళ్ళేసరికి 'క్ష'కు ఒకరు కె, ఎస్, హెచ్ అని మూడక్షరాలు వాడతారు, మరొకరు ఎక్స్ ఒక్కటే పెడతారు. వేంకటేశ్వర్లుకు ఎన్ని వేషాలో చెప్పనక్కరలేదు. మన త, ట లు రెండింటికీ వారికి ఒకటే 'టి'. ల, ళ లు రెండింటికీ ఒకటే 'ఎల్'. పైగా మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరువాత. దరఖాస్తులో చివరి పేరు ఏదని అడిగితే మన పల్లెవాసి ఏమని నింపుతాడు? బడిలో చేర్చుకున్నవారు, మీసేవలో మీటలు నొక్కినవారు, బ్యాంకు గుమాస్తా ఎవరికి తోచినట్లు వారు వ్రాశారు. పేరు మనది, వ్రాత పరులది, శిక్ష మళ్ళీ మనకే.

చిరునామా కథ ఇంకా విచిత్రం. చీరాలలో పుట్టి చీరాల దాటని నా ఈడువాడు మూడు జిల్లాలలో కాపురమున్నట్లు లెక్క. 1970 వరకు గుంటూరు జిల్లా. ఆ ఏడు ఏర్పడిన ఒంగోలు జిల్లాయే 1972లో ప్రకాశం అయింది. 2022 ఏప్రిల్ 4 నుండి బాపట్ల జిల్లా. ఊరు కదలలేదు, ఇల్లు కదలలేదు, కాగితం కదిలింది. పాత ఆధార్‌లో ప్రకాశం, కొత్త పత్రంలో బాపట్ల కనబడితే యంత్రానికి వారిద్దరూ వేరు మనుషులు!

కాబట్టి అమ్మదలచినవారికి నా మనవి: సరకు కొనకముందే కాగితాలు సరిచేసుకోండి. మొదట ఆధార్ చూసుకోండి. అందులో పేరు మార్చుకొనే అవకాశం సాధారణంగా జన్మలో రెండుసార్లే గనుక ఆచితూచి ఒక వర్ణక్రమం స్థిరపరచుకోండి. పిమ్మట పాన్, ఆ తరువాత బ్యాంకు ఖాతా దానికి అనుగుణంగా మార్చుకోండి. జి.ఎస్.టి. సంఖ్యలోని 15 స్థానాలలో 10 పాన్ సంఖ్యవే, కనుక పాన్ తప్పయితే అదీ చిక్కే. చిన్న అమ్మకందారులకు 2023 అక్టోబరు 1 నుండి కొంత వెసులుబాటు ఇచ్చారు గాని అది రాష్ట్రం లోపలి అమ్మకాలకే. హైదరాబాదుకు కారం పంపాలన్నా అది వేరే రాష్ట్రమని మరువవద్దు. తినే వస్తువు గనుక ఆహార భద్రతా సంస్థ వారి 14 అంకెల సంఖ్య కూడా పొట్లం మీద ఉండాలి. కరెంటు బిల్లు పెద్దల పేరున ఉంటే ముందే మార్పించుకోండి. ధ్రువీకరణ చేస్తామని ఫోనులో ఓ.టి.పి. అడిగేవారికి మాత్రం ఏదీ చెప్పవద్దు. ఆధార్ నకలు ఇవ్వవలసి వస్తే, ఒప్పుకున్న చోటనైనా, మొదటి 8 అంకెలు కప్పిన ప్రతిని ఇవ్వండి.

ఇవన్నీ మనం చేయవలసినవి. మరి వారు చేయవలసినది? మన ఆధార్ కార్డు మీద పేరు తెలుగులోనూ ఉంటుంది. ఆంగ్లంలో ఒక అక్షరం తేడా వచ్చినప్పుడు ఆ తెలుగు పేరును చూసి తేల్చవచ్చును గదా! తెలుగు చదవగలిగిన ఒక మనిషిని అక్కడ కూర్చోబెట్టడం, తిరగగొట్టిన ప్రతిసారీ ఏ కాగితంలో ఏ అక్షరం సరిపోలలేదో తెలుగులో చెప్పడం అంత భారమా? దొంగను పట్టే వల అవసరమే. కానీ దొంగ నాలుగు కాగితాలనూ ఒకే వర్ణక్రమంలో చక్కగా తయారుచేసుకొని వస్తాడు. ఆ వలలో చిక్కుతున్నది మన లక్ష్ములూ వేంకటేశ్వర్లులే.

ఈ విషయంలో అనుభవమున్న మిత్రులు తమకు తెలిసిన ఉపాయాలను వ్యాఖ్యలలో వ్రాస్తే, ఆ అమ్మాయి వంటివారు నలుగురికి చదివి వినిపిస్తాను.