సంజ్ఞాలాఘవము – సందిగ్ధత

శాస్త్రమున సంజ్ఞ లాఘవార్థము. దాప్ విడిచి దా, ధా రూప ధాతువులకు పాణిని చేసిన ‘ఘు’సంజ్ఞ మఱియొకదానిని బోధింపదు. కంప్యూటరు ఫైలుపేరు చివర చుక్క తరువాతి అక్షరములును సంజ్ఞయే. కాని అందు ఈ నియమము నిలువలేదు.

వాతావరణ శాస్త్రజ్ఞులు వాడు నెట్‌సీడీఎఫ్ ఫైళ్లకు తొలుత ‘సీడీఎఫ్’ అను సంజ్ఞ యుండెను. నాసా వారి వేఱొక దత్తాంశరూపమునకును అదే పేరగుటచే, సాంకర్యము తొలగించుటకై 1994లో ‘ఎన్‌సీ’ అని మార్చిరి. 2008లో వచ్చిన నాలుగవ నెట్‌సీడీఎఫ్ లోపల హెచ్‌డీఎఫ్5 రూపమును గ్రహించెను; పైసంజ్ఞ మాత్రము ‘ఎన్‌సీ’యే. అనగా ఒకే సంజ్ఞకు ఇద్దఱు సంజ్ఞులు. ఫైలు ఆరంభమున నుండు గుర్తు చూచినగాని ఏది యేదో నిర్ణయింపరాదు.

కావున తాళపత్రముల చిత్రములను ఫైళ్లుగా భద్రపఱచు ప్రాచ్యగ్రంథాలయములు పేరును నమ్మి ఊరకుండక, లోపలి రూపమును వివరపట్టికయందు వేఱుగ నమోదు చేయవలెను. లాఘవము గుణమే, సందిగ్ధతకు దారితీయు లాఘవము దోషము.