ఒంటి కుందేలుకు జోడు కావాలా?

"ఒకదానికి మేత వెయ్యలేకే చస్తుంటే ఇంకొకటా?" అంటుంది అమ్మ. "పాపం, ఒక్కటే ఉంటే దిగులు పెట్టుకోదూ?" అంటుంది చెల్లెలు. సెలవులకు వెళ్ళిన నన్ను తీర్పు చెప్పమన్నారు. జంతుశాస్త్రం చదువుతున్నాను కదా మరి!

మా చేలల్లో కనబడే చెవులపిల్లి ఒంటరిగానే తిరుగుతుంది. దాన్ని చూసి, కుందేలుకు తోడెందుకు అనుకుంటాం. కాని బోనులో పెంచుకునే కుందేలు జాతి వేరు. అది ఐరోపాలో బొరియలు తవ్వుకొని గుంపులుగా బతికే కుందేలు సంతతి. కనుక తోడు కావాలన్నది చెల్లెలి ముద్దుమాట కాదు, ఆ జాతి లక్షణం.

అలాగని రేపే బజారుకెళ్ళి ఇంకొకటి కొనెయ్యడం తెలివి కాదు. ఆడా మగా అయితే 31 రోజులకే పిల్లలు. ఈనిన వెంటనే మళ్ళీ చూడి కట్టగలదు. రెండూ మగవైతే రక్తాలు కారేలా కొట్టుకుంటాయి. అందుకని ముందు, కుందేళ్ళ సంగతి తెలిసిన పశువైద్యుని చేత రెండింటికీ ఆపరేషన్ చేయించాలి.

మా నాన్న కొత్త ఎద్దును తెచ్చిన రోజే కాడికి కట్టడు. పాతదాని పక్కనే కట్టేసి కొన్నాళ్ళు చూస్తాడు. కుందేళ్ళకూ అంతే. మధ్య జాలీ పెట్టి పక్కపక్కనే ఉంచాలి. వాసన అలవాటయ్యాక, రెండింటికీ కొత్తదైన చోట కలపాలి.

వచ్చే ఏడు చెల్లెలు హాస్టలుకు పోతుంది. అప్పుడా కుందేలుకు దిక్కెవరు? నా ఓటు తోడుకే. ఆపరేషన్ ఖర్చు నా స్కాలర్‌షిప్పులోంచి ఇస్తానన్నాను. అమ్మ ఇంకా ఏమీ అనలేదు.

మిత్రులారా! ముద్దొస్తోందని ఒక్కదాన్నే తెచ్చుకోబోయేవారు ఈ లెక్కంతా ముందే వేసుకోవాలని నా మనవి.