కళాశాలలలో ధనపాఠములు

మా యొద్ద పదవ తరగతి చదివి యిప్పుడు కళాశాలలో ప్రవేశించిన యొక బాలిక మొన్న మూడు పుస్తకములను దెచ్చి చూపినది. సంస్కృతి, ప్రసార మాధ్యమములు, గృహధన నిర్వహణము: మూడును ప్రవేశికలే. చక్కని కాగితము, రంగుల బొమ్మలు. చదివిన కొలదిని మాకు సంతోషము తగ్గి చిరాకు పెరిగినది.

సంస్కృతిని గూర్చిన పుస్తకము 1871లో టైలరు అను నాంగ్లేయుడు చెప్పిన నిర్వచనముతో నారంభమై, అట్టివే మరి పదింటిని జెప్పి ముగిసినది. బాలిక వాని నన్నిటిని కంఠస్థ మొనర్చినది. ఇంట నాడువారు కడపట భోజనము సేయుట సంస్కృతియా, కాదా యని యడిగితిమి. "అది సిలబసులో లేదు మాస్టారూ" అన్నది.

మాధ్యమముల పుస్తకమును గూర్చి యొక్కమాట చాలును. 1908లో ఆంధ్రపత్రికను స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనపు వ్యాపారమున నార్జించిన ధనముతో దానిని పోషించిరని వ్రాసినారు. మంచిదే. కాని పత్రికకు ధన మెచ్చటినుండి వచ్చును, ఆ ధనము వార్తను నిలుపునా, వంచునా యను ప్రశ్న మాత్రము వేయలేదు.

ధనపుస్తకమే మమ్ము మిక్కిలి నొప్పించినది. అమెరికా గ్రంథము నొకదానిని ముందిడుకొని వ్రాసినట్లున్నది. షేర్లు, మ్యూచువల్ ఫండ్లు, క్రెడిట్ స్కోరు అన్నియు గలవు. మన వీథులలో 'నూటికి రెండు' అను వడ్డీ సంవత్సరమునకు 24 శాతమన్న మాట లేదు. చీటీపాటకు 1982లో చట్టమే వచ్చినను, ఈ పుస్తకములోనికి రాలేదు. వాయిదాల సంగతి చూడుడు. లక్ష రూపాయలకు 12 శాతము 'ఫ్లాటు' వడ్డీ యని చెప్పి, ఏడాదిలో పన్నెండు వాయిదాలుగా, నెలకు సుమారు 9,333 రూపాయల చొప్పున తీర్చుమందురు. అసలు నెలనెలకు తరుగుచున్నను వడ్డీ లక్షమీదనే కట్టుదురు. సరిగా లెక్కించినచో నది 21 శాతమునకు మించును. ఈ బాలిక యన్న తన మోటారుసైకిలు నిట్లే కొని, తాను చెల్లించునది 12 శాతమే యని నమ్మియున్నాడు. అతడు వాణిజ్యశాస్త్రమున ప్రథమశ్రేణి పట్టభద్రుడు!

ఇక పొదుపు లక్ష్యముల పట్టిక. 'కుమారుని విద్య' యని యొక పంక్తి, దాని క్రింద 'కుమార్తె వివాహము'. వరకట్నమును 1961లోనే నిషేధించిరి. ఉమ్మడి కుటుంబపు టాస్తిలో కుమారునితో సమానమగు హక్కును 1986 నాటి ఆంధ్రప్రదేశ శాసనము అవివాహితలగు కుమార్తెలకును, 2005 నాటి కేంద్ర శాసనము కుమార్తెల కందఱకును ఇచ్చినవి. వీనిలో నొక్కటియు పుస్తకమున గానరాదు. పాఠ్యగ్రంథము నిష్పక్షపాతముగా నుండవలదా యని యుపాధ్యాయ మిత్రు డొకరు మాతో వాదించిరి. పెండ్లిఖర్చును లెక్కవేసి హక్కును విడిచిన గ్రంథ మే పక్షమున నున్నదో వారే సెలవియ్యవలెను.

పుస్తకములు తిరిగి పట్టుకొని పోవుచు నా బాలిక, పట్టికలోని రెండవ పంక్తిని పెన్సిలుతో కొట్టివేసి, "మఱి పరీక్షలో నేమి వ్రాయమందురు?" అని యడిగినది. మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి.