గ్యాసు బండియా, డీజిలు బండియా?

బళ్ళారిలోని మన సంఘ సభ్యులొకరి కుమార్తె అమెరికాలో, టెక్సాసు రాష్ట్రమున కాపురముంటున్నది. 2023లో ఆ అమ్మాయి మాకు ఇట్లా వ్రాసింది: “బాబాయిగారూ, మేము పాత మోటారు ఇల్లు ఒకటి కొందామనుకుంటున్నాము. మీ అల్లుడుగారు డీజిలు అంటారు, నేను గ్యాసు అంటాను. మీరు ముప్పై ఏళ్ళు బస్సు డిపోలో పనిచేశారు గదా, తీర్పు మీరే చెప్పండి.”

గ్యాసు అన్న మాట వినగానే మా ఇంటావిడ కంగారుపడింది. “సిలిండరు పెట్టుకొని కొండలెక్కుతారా?” అన్నది. పాఠకులలోనూ అట్లా అనుకొనేవారుంటారు గనుక ముందుగానే చెబుతున్నాము. అమెరికావారు గ్యాసు అనేది మన పెట్రోలునే. అయితే ఆవిడ మాట పూర్తిగా తప్పూ కాదు. పొయ్యికీ, ఫ్రిజ్జుకూ, చలికి వేడిచేసే యంత్రానికీ ప్రొపేను తొట్టి వేరే ఉంటుంది. అది రెండు రకాల బండ్లలోనూ ఉన్నదే.

మోటారు ఇల్లంటే బస్సంత బండిలో మంచము, వంటగది, స్నానాలగది అమర్చినది. వీళ్ళకిది విలాసము కాదు. అమ్మాయి అత్తగారికి 78 ఏండ్లు, ఇంట్లో మడి. హోటలులో మంచినీళ్ళు కూడ ముట్టదు. కొలరాడో కొండలు చూడాలని ఆవిడ కోరిక. తన పొయ్యి తనకుంటే తప్ప గడప దాటనన్నది. ఆరేండ్లు కూడబెట్టిన 35,000 డాలర్లు వీరి దగ్గరున్నవి. చెడిన బండి తగిలితే అంతా అందులోనే పోతుంది.

ఆ చలికాలము మేము డల్లాసులో మా అబ్బాయి వద్ద ఉండుటచేత బండ్లు చూడడానికి వాళ్ళతోనే వెళ్ళినాము. ఒకటి 2003 నాటి గ్యాసు బండి, 32 అడుగులు, 24,000 డాలర్లు. రెండవది 2001 నాటి డీజిలు, 38 అడుగులు, 34,000.

మా మనస్సు డీజిలు వైపే లాగిందని ఒప్పుకొంటున్నాము. ఇంజను వెనుక ఉంటుంది గనుక ముందు కూర్చున్నవారికి శబ్దమే తెలియదు. గాలి బ్రేకులు, గాలి బుడ్డల మీద నడక. పల్లములో బండిని ఇంజనే పట్టి ఆపే ఎగ్జాస్టు బ్రేకు. లాగే బలము గ్యాసు ఇంజనుకు రెట్టింపు. గ్యాసు బండిలో ఇంజను డ్రైవరు పక్కనే పెట్టె కింద ఉంటుంది. మన పాత లారీలలో మాదిరి కాళ్ళకు సెగ, చెవులకు మోత. అల్లుడుగారు డీజిలు బండి స్టీరింగు పట్టుకొని కూర్చున్నవారు కిందికి దిగనే లేదు.

ఇంటికి వచ్చి కాగితము తీసినాము. ఏడాదికి 5,000 మైళ్ళు తిరుగుతారనుకుందాము. గ్యాలనుకు గ్యాసు బండి 7 మైళ్ళు, డీజిలు 9 మైళ్ళు ఇస్తుందనుకున్నా, మన లెక్కలో లీటరుకు మూడు నాలుగు కిలోమీటర్లే. గ్యాసుకు 714 గ్యాలనులు, డీజిలుకు 556. మన దేశములో డీజిలు చవక. అక్కడ సాధారణముగా పెట్రోలుకన్న ప్రియము. పెట్రోలు 3.50, డీజిలు 4 డాలర్లయితే ఖర్చు 2,500, 2,222. ఏడాదికి మిగిలేది 278 డాలర్లు. ఆ పెద్ద ఇంజనుకు నూనె మార్చి, ఫిల్టర్లన్నీ వేయించేసరికి అది కాస్తా చెల్లు. పది వేలు ఎక్కువ పెట్టి కొన్న బండి నూనె ఖర్చులో ఆ పది వేలు తిరిగి రాబట్టడము ఈ తిరుగుడుకు కల్ల. ఏడాదికి ఇరవై వేల మైళ్ళు తిరిగేవారికి, వెనుక కారు కట్టి లాగేవారికి, బండిలోనే కాపురము పెట్టేవారికి లెక్క వేరు. వారికి డీజిలే తగును.

“డీజిలు ఇంజను లక్షల మైళ్ళు నడుస్తుంది గదా బాబాయిగారూ” అన్నారు అల్లుడుగారు. నడుస్తుంది. కాని ఇరవై ఏండ్ల బండిలో ఇంజనుకన్న ముందు చచ్చేవి వేరే ఉన్నవి. మరునాడు చొక్కా విప్పి బండి కిందికి దూరినాము. ఇంజను వెనుక ఉండే బండ్లలో రేడియేటరూ వెనుకనే ఉన్నదయితే, ఇంజను కక్కే నూనె ఆవిరి, చక్రాల దుమ్ము కలిసి దాని రెక్కలలో పేడ అలికినట్లు పట్టుకుంటుంది, ఎత్తులో వేడెక్కుతుంది. ఇక్కడ అదే జరిగింది. టైర్ల మీద ముద్రించిన అంకెలలో చివరి నాలుగు చూడవలెను. 2114 అంటే 2014లో 21వ వారములో చేసినది. ఈ బండివి ఆరూ అప్పటివే. గీతలు నిండుగా ఉన్నా ఏడేండ్లు దాటినవాటిని నమ్మరాదు. పడకగది మూల కప్పు వేలితో నొక్కితే అప్పడము నానినట్లు మెత్తగా దిగింది. కప్పు కారి లోపలి చెక్క కుళ్ళితే దానిని బాగుచేయించడము ఇంజను బాగుచేయించడముకన్న కష్టము. పైగా ఆ బండి బరువు 26,000 పౌనులు దాటినది. టెక్సాసులో దానికి లైసెన్సు కూడ వేరే తీసుకోవలెను.

గ్యాసు బండినీ మేము ఊరికే మెచ్చుకోలేదు. ఆ కాలపు ఫోర్డు చట్రాలమీది 10 సిలిండర్ల ఇంజనులలో తొలి రోజులవాటికి స్పార్కు ప్లగ్గులు మరలు తప్పి ఎగిరిపడేవని పేరున్నది. ప్లగ్గులు ఎవరు, ఎప్పుడు మార్చినారో రశీదు అడిగి చూచినాము. కరెంటు యంత్రము గంటసేపు బరువు మీద నడిపించినాము. మూలపడిన బండిలో పెట్రోలు చెడి దాని కార్బురేటరు మూసుకొనిపోవడము మామూలు. కప్పు గట్టిగా ఉన్నది.

డీజిలే కావలెననేవారికి రెండు సంవత్సరాలు గుర్తుంచుకొమ్మంటాము. 2007 నుంచి ఇంజనులకు పొగమసి పట్టే జల్లెడ వచ్చింది, 2010 నుంచి యూరియా ద్రవము పోయవలసి వచ్చింది. అంతకు ముందువి మామూలు మేస్త్రీకి తేలిక. వాటిలోనూ 5.9 లీటర్ల కమిన్సు అయితే, బ్లాకు పక్కన 53 అనే అంకె పోతపోసి ఉన్నదేమో చూడవలెను; 1999 తరువాతి రెండు మూడేండ్లలో ఆ పోతవి కొన్ని పగిలినవి.

అల్లుడుగారు రెండు రోజులు మాతో సరిగా మాట్లాడలేదు. “మీరు డీజిలు మనిషి అనుకున్నాను” అన్నారొకసారి. గ్యాసు బండినే 22,500కు బేరము చేసినాము. మిగిలిన దానిలో టైర్లు, బ్యాటరీలు వేయించి, కొంత బ్యాంకులోనే ఉంచినారు.

2024 వేసవిలో కొలరాడో వెళ్ళినారు. అమ్మాయి ఉత్తరము వచ్చింది. న్యూమెక్సికో సరిహద్దున రాటన్ కనుమ 7,834 అడుగులు. ఎక్కేటప్పుడు ఇంజను అరుపుకు అత్తగారు, “ఆ మిక్సీ కట్టేయండిరా” అన్నదట. వేగము 40 మైళ్ళకు పడిపోయింది, లారీల వెనుకే పోయినారు. దిగేటప్పుడు చిన్న గేరులో, చెమటలు పట్టుకుంటూ దిగినారట. అది మేము ముందే చెప్పి ఉండవలసింది, మరచితిమి. పైకి ఎక్కినాక బండి ఆపి, ఆవిడ స్నానము చేసి, తన పొయ్యిమీద ఉప్మా చేసి అందరికీ పెట్టిందట. ఒక చిన్న ఊళ్ళో ఫ్యాను బెల్టు తెగితే మామూలు కార్ల మేస్త్రీ గంటలో వేసి పంపినాడట.

దారిలో డీజిలు బండి ఏదైనా దాటిపోతే మీ అల్లుడుగారు ఇప్పటికీ తల తిప్పి చూస్తారు బాబాయిగారూ, అని చివర వ్రాసింది.