కోంటా దాటినంత తేలిక కాదు

సుక్మా జిల్లా కోంటా నుంచి చింతూరు వైపు వెళ్తే ఫోన్ మధ్యప్రదేశ్-ఛత్తీస్‌గఢ్ టెలికాం సర్కిల్ వదిలి ఆంధ్రా సర్కిల్‌కు మారుతుంది. శబరి నది అవతల మోటులో అయితే ఒడిశా సర్కిల్. దేశం లోపలే కనుక అదనపు బిల్లు రాదు, ఎవరూ పట్టించుకోరు. ఆ ధీమాతోనే దుబాయ్ విమానం ఎక్కితే రోమింగ్ చార్జీలతో జేబుకు చిల్లే. దానికి బదులు ట్రావెల్ ఈసిమ్ చవకే గానీ, చాలావాటిలో డేటా తప్ప ఫోన్ నంబరు ఉండదు. బ్యాంకు ఓటీపీ పాత సిమ్‌కే రావాలి. అందుకే పాత సిమ్‌ను ఆన్‌లోనే ఉంచి, దాని డేటా రోమింగ్ మాత్రం ఆపేయాలి. ఈసిమ్‌కు ఆన్ చేయాలి. ఇన్‌స్టాల్ చేయడానికి ఇంటర్నెట్ కావాలి కాబట్టి ఆ పని ఇంట్లోనే ముగించుకోవాలి. ఇక ‘అన్‌లిమిటెడ్’ అని ఊరించి, కొంత డేటా వాడాక వేగం తగ్గించేస్తామన్న షరతును చిన్నక్షరాల్లో దాచే ప్యాకులున్నాయే, అవి నా దృష్టిలో పచ్చి దగా. ఆ పరిమితిని ధర పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో వేయించాలి.