మూడక్షరముల పిలుపు

ఉప్పునీరు విద్యుద్వాహకము, అందుచే సామాన్య రేడియో తరంగములు కడలి పైపొరలోనే అణగిపోవును. కంపనముల సంఖ్య తగ్గినకొలది తరంగము లోతునకు చేరును. కావుననే అమెరికా నౌకాదళము 1989 నుండి 2004 వరకు విస్కాన్సిన్, మిషిగన్ రాష్ట్రముల కేంద్రములనుండి, సెకనుకు 76 కంపనములుగల తరంగములతో, నూరు మీటర్లకు మించిన లోతుననున్న జలాంతర్గాములకు సంకేతములు పంపెను. మూడక్షరములకే సుమారు పావుగంట పట్టెడిది. పైకి వచ్చి మిగిలినది వినుమను పిలుపుగానే అవి ముఖ్యముగా ఉపకరించెను. వినువారు ఆ మార్గమున బదులు పలుకలేరు. అట్టి తరంగములను పుట్టించుటకు మైళ్లకొలది తీగలు వలయును.

అణ్వస్త్రములు మోయు ఓడల విషయమున ఈ మందగతిని లోపమని తలపరాదు. మారుప్రశ్నకు తావులేనిచోట పిలుపు మాత్రమే పంపి, ఆజ్ఞను స్పష్టముగా వినగల తావునకు విడుచుట వివేకము. వేగమొక్కటే విజ్ఞానమునకు కొలత కాదు. ఎక్కడ ఎంత పలుకవలెనో ఎరుగుటయు విజ్ఞానమే.