కుంచె అందరిదీ

ఈ సంచికలోని రచనలన్నీ సృజన చుట్టూ తిరిగేవే. వాటికి ముందుమాటగా మీకు ఒక వీడియో గేమ్‌ను పరిచయం చేయాలనిపించింది. దాని పేరు ‘చికోరీ: ఎ కలర్‌ఫుల్ టేల్’. గ్రెగ్ లొబానోవ్ బృందం రూపొందించిన ఈ ఆట 2021 జూన్‌లో విడుదలైంది. సంగీతం లీనా రెయిన్‌ది.

పిక్నిక్ అనే సీమలో ఒక్కసారిగా రంగులన్నీ మాయమవుతాయి. లోకానికి రంగులద్దే మాయాకుంచె చికోరీది. ఆమె దిగులుతో గది దాటి బయటకు రాదు. దాంతో ఆ కుంచె, ఆమె దగ్గర ఊడ్చి తుడిచే కుక్కపిల్ల చేతికి వస్తుంది. ఆ కుక్కపిల్ల మనమే.

ఇక తెరంతా రంగులు నింపని బొమ్మల పుస్తకం. చెట్టుకు నీలం వేసినా, గీత దాటినా తప్పుపట్టేవారుండరు. దారి తోచకపోతే ఫోన్ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేయొచ్చు. అమ్మ చిన్న సూచన ఇస్తుంది, నాన్న దారి వివరంగా చెబుతాడు.

ఈ ఆటలోని అసలు కష్టం రాక్షసులతో కాదు, ‘నాకు అర్హత ఉందా?’ అనే ప్రశ్నతో. అందరూ మెచ్చిన చికోరీని కుంగదీసిందీ అదే. ప్రతిభ రుజువు చేసుకున్నాకే కుంచె పట్టాలన్న నియమం మనుషుల్ని కళకు దూరం చేస్తుంది. గీయడంలోని ఆనందానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని ఈ ఆట ప్రేమగా చెబుతుంది. మా నమ్మకమూ అదే.

ఈ సంచిక చదివాక మీరూ ఏదైనా గీయండి, రాయండి, పాడండి. బాగా వచ్చిందా లేదా అన్న లెక్క తర్వాత చూసుకుందాం.

– సంపాదకుడు